ఆరో లొట్టి

మూడో గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే ఒళ్లు ఝల్లుమంది. ఆ వాసన! పులిసీ పులియని వాసన, పొద్దున్నే మట్టికుండ మూతి మీదికి వంగితే ముఖానికి తగిలే వాసన. నేనున్నది వనపర్తిలో, రాజేశ్వరి వాళ్ల మేడ మీద, ప్లాస్టిక్ కుర్చీలో. చేతిలో పొడుగు కాడ ఉన్న గాజు గ్లాసు. ఇంకా పొద్దు గుంకలేదు కూడా. కానీ నా ముక్కు నన్ను అడక్కుండానే పదిహేడేళ్లు వెనక్కి పరుగెత్తి, కోడేరు అవతలి ఒక పల్లెలో తాటాకు పందిరి కింద కూర్చుంది. అలవాటు కొద్దీ గ్లాసు వంచి రెండు చుక్కలు పళ్లెంలో పోశాను. పక్కనున్న మేరీ జొన్నరొట్టె తుంచుతూ ఆగి, అంత మంచి సరుకు ఒలకబోస్తున్నావేమిటే అని నా చెయ్యి పట్టుకుంది.

సంగతి మొదటి నుంచి చెప్పాలి. రాజేశ్వరి మా స్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది, నేను సైన్సు చెబుతాను. ఆమె భర్త సుధాకర్‌కు నీళ్ల మోటార్ల దుకాణం ఉంది. ద్రాక్షతోటలు చూసి వస్తానని నాసిక్ పోయి, తోటల కన్నా సీసాలే ఎక్కువ చూసి వచ్చాడు. అక్కడి నుంచి ఒక తెల్ల వైన్, ఒక ఎర్ర వైన్. బెంగళూరు దిక్కు తోటలది ఇంకో ఎర్రది. దుకాణానికి వచ్చే ఎవరో కానుకగా ఇచ్చిన పరదేశపు సీసా ఒకటి. అయిదోది మేరీ తెచ్చింది. మేరీ దవాఖానలో నర్సు, ప్రతి క్రిస్మస్‌కూ ఇంట్లోనే జాడీలో ద్రాక్ష పులియబెడుతుంది. మేం నలుగురం, అయిదు సీసాలు, మటన్ కూర, రొట్టెలు, పల్లీల పచ్చడి. ఒక్కొక్కటే రుచి చూసి ఒకదానితో ఒకటి పోల్చి చెప్పుకోవాలని పందెం. టీచర్లు వైన్ తాగడమేమిటని ముక్కున వేలేసుకునేవాళ్లు వేసుకోవచ్చు. నర్సవ్వ ఉంటే, ముక్కు మీదికి ఎట్లాగూ వేలు పోయింది గదా, దానికి ఏం వాసనుందో చెప్పమని అడిగేది.

నర్సవ్వ కల్లు అమ్మేది. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆమె ఇంట్లోనే కిరాయికి ఉన్నాను. నేను గద్వాల పిల్లను. మా నాన్న అక్కడ చీరల కొట్టులో గుమస్తా. మా ఇంట్లో కల్లు మాట ఎత్తడమే తప్పు. ఆ పల్లెలో మరుగుదొడ్డి ఉండి, తలుపుకు లోపలి గడియ ఉండి, ఒంటరి ఆడపిల్లకు ఇస్తామన్న గది ఒక్కటే దొరికింది. అది కల్లమ్మే ఇంటి ముందర గది. నాన్న వచ్చి చూసి, పందిరి కింద బోర్లించిన లొట్లు, అంటే కల్లుకుండలు, చూసి, తిరుగు బస్సు వచ్చేదాకా నాతో మాట్లాడలేదు, పక్కన నిలబడ్డాయనతో మాత్రం కల్లు వల్ల చెడిన సంసారాల లెక్కంతా చెప్పాడు. నర్సవ్వ మాత్రం ఆయన వెళ్లిన దిక్కే చూసి నవ్వి, మీ నాయిన మంచోడు, ముక్కు మూసుకున్నడు గని నోరు మూసుకోలే అంది.

నర్సవ్వ పొట్టి మనిషి. రెండు వైపులా ముక్కుపుడకలు. ఆ ఊళ్లో ఆడవాళ్లందరి నోళ్లూ ఆకువక్కతో ఎర్రగా ఉంటే, ఆమె నోరు మాత్రం శుభ్రంగా ఉండేది. నోరు చెడుతుందని ఆకువక్క ముట్టేది కాదు. పొద్దున లొట్లన్నీ దిగేదాకా పచ్చిమిరపకాయ కూడా కొరికేది కాదు. భర్త బాలయ్య మోకు తాడు నడుముకు వేసుకుని తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కేవాడు, మాట్లాడటం బరువనుకునే మనిషి. ఆయన దించిన ఒక్కో లొట్టి దగ్గరా ఆమె కూర్చుని, తాటాకు రేక దొన్నెలా మడిచి, అందులో కాస్త వంపుకుని, ముందు రెండు చుక్కలు నేల మీద పోసేది. దాన్ని సాక పోయడం అంటారు, ఎల్లమ్మ తల్లికి. ఆ తర్వాతే నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, ఇది కూలికి పోయేటోళ్లకు, ఇది ముసలోళ్లకు, ఇది మాపటి దాంక ఉంచాలె అని వేరు చేసేది. వాళ్లకు పన్నెండు తాటిచెట్లు. పన్నెండింటికీ పేర్లుండేవి. బావి పక్కది బాయిది. గుట్ట కింద ఉన్నది గుట్టది. చెంబెడు పారడానికి మూడు రోజులు తీసుకునేది పిసినారిది. వాగు ఒడ్డున నిలబడ్డది వాగుది, దాని పక్కనే నీళ్ల మీదికి వంగినది వంకరది. నేను మొదట ఇదంతా వేళాకోళం అనుకున్నాను.

రెండు నెలలు నేను పందిరి వైపు చూడకుండా స్కూలుకు పోయి వచ్చాను. మూడో నెలలో ఒక ఆదివారం పొద్దున నాకు ఉండబట్టలేదు. సైన్సు టీచర్ని గదా, పులియడం గురించి పిల్లలకు బోర్డు మీద బొమ్మలేసి చెబుతున్నాను, ఇంటి ముందర పులుస్తున్నదాన్ని మాత్రం ముట్టను! ఆ మాటే ఆమెతో అంటే, నవ్వి రేక నా చేతిలో పెట్టింది. నేను గుక్కలో మింగేశాను. ఆమె నెత్తి కొట్టుకుంది.

"తాగకు బిడ్డా. నోట్ల వెట్టుకొని ఊకుండు. అదేం చెప్తదో ఇను."

మళ్లీ పోసింది. మళ్లీ నోట్లో పెట్టుకున్నాను. ఎట్లుందని అడిగింది. బాగుందన్నాను. ఆ రోజు పడ్డ చీవాట్లు నేను బీఎడ్‌లో కూడా పడలేదు. బాగుందంటే ఏం తెలుస్తుంది, ఉప్పులేని కూరను కూడా మా ఆయన బాగుందనే అంటాడు, అన్నం పెట్టేదాన్ని నేనే గదా అని బాలయ్యను చూపించింది. బాలయ్య తల ఊపాడు. నాలుక మీద ముందు ఏమొచ్చింది, నడుమ ఏమొచ్చింది, మింగినాక ఏం మిగిలింది, అది చెప్పాలి. నేను తడుముకుంటూ, ముందు తీపి, తర్వాత పచ్చి జొన్నకంకి నమిలినట్టు, ఆఖరికి గొంతులో ఏదో ఇనుప చెంబు నాకినట్టుంది అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. అది బాయిదట. బావిలో అడుగు రాయి ఎర్రగా ఉంటుందట, ఆ నీళ్లే చెట్టు తాగుతుందట. నా సంతోషం ఏం చెప్పమంటారు! ఉద్యోగం వచ్చిన రోజు కూడా నేను అంత పొంగిపోలేదు. ఆ వారమంతా స్కూల్లో చాక్‌పీసు వాసన చూశాను, మధ్యాహ్నం పప్పులో ఏ పొయ్యి పొగ ఉందో వెతికాను, లోకం నా నోటికి అప్పుడే మొదటిసారి అందినట్టు తిరిగాను.

ఇంకో రోజు నేను అరుగు మీద పిల్లల నోట్‌బుక్కులు దిద్దుతున్నాను. నర్సవ్వకు చదువు రాదు. పక్కన కూర్చుని పల్లీలు వొలుస్తూ, పుస్తకాలు ఒక్కొక్కటే తిరగేసి చూసింది. అన్నిటిలో ఆఖర్న ఒక్కటే గీత ఉంది, ఏందది అని అడిగింది. బాగుందని ఇంగ్లీషులో రాశానన్నాను. ఆమె ఇంకో రెండు పల్లీలు వొలిచింది. తర్వాత మెల్లిగా అడిగింది.

"ముప్పై మందికి ఒక్కటే రుచా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాత్రే ముప్పై పుస్తకాలూ మళ్లీ తెరిచి, ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం రాశాను. నీ బొమ్మలో వేర్లు చక్కగా దిగాయి, ఆకులు తొందరలో వేశావు అని ఒకరికి. నువ్వు చూసి రాశావు, కానీ చూసింది కూడా తప్పు రాశావు అని ఇంకొకరికి. ఇప్పటికీ నా చేతి కింద ఏ పుస్తకంలోనూ ఆ ఒక్క మాట మాత్రం కనిపించదు. తల్లిదండ్రుల మీటింగులో దీని మీద నాకు పడే అక్షింతలు వేరే కథ.

ఇట్లా రెండేళ్లు హాయిగా గడిచాక, ఊళ్లోకి ఒక ఆటో రావడం మొదలైంది. ఆ ఆటో గోపాల్‌ది, కల్లుగీత సంఘంలోనే సభ్యుడు. చెట్టెక్కడం ఎప్పుడో మానేశాడు. పట్నం నుంచి మందు కలిపిన తెల్ల కల్లు సీసాల్లో తెచ్చి అమ్మేవాడు. రెండు సీసాలకే మనిషి గోడకు ఒరిగిపోయేవాడు. దాని ముందు నర్సవ్వ కల్లుకు ఊపేముంటుంది? పందిరి కింద మనుషులు పలచబడ్డారు. అది చాలదన్నట్టు, నర్సవ్వ కల్లులో నీళ్లు కలుపుతుంది, అందుకే ఎక్కడం లేదు అని గోపాల్ ఊరంతా చెప్పాడు. ఊరికి కల్లు దుకాణం ఒక్కటే, పందిరి పక్కన రేకుల డబ్బా, దాని తాళం నర్సవ్వ దగ్గరే ఉండేది. దాన్ని ఎవరు నడపాలో సంఘం తేల్చాలి. దుకాణం తనకిమ్మని గోపాల్ అడిగాడు. బాలయ్య ఒకరాత్రి, అందరూ కలిపేదే గదా, మనమూ జర కలుపుదాం అన్నాడట. ఆయన రెండేళ్లలో నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆమె మూడు రోజులు ఆయనకు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

సంఘం కూర్చున్న రోజు ఆమె కొంగు బిగించి నిలబడింది. పోయిన చోట పోటీ పెట్టే మనిషి కాదు, కానీ నీళ్ల మాట ఆమెకు కత్తిలా దిగింది. నా పన్నెండు చెట్లలో మీకు నచ్చిన ఏడింటి లొట్లు తెండి, నా కళ్లకు బట్ట కట్టండి, ఏది ఏ చెట్టుదో నోటితో చెబుతా, ఒక్కటి తప్పినా దుకాణం తాళం గోపాల్ చేతిలో పెడతా అంది. ఇంత రుచి తెలిసిన మనిషి నీళ్లు కలుపుతుందా అని ఆమె వాదన. సంఘం పెద్ద లక్ష్మయ్య సరేనన్నాడు. ఏ లొట్టి ఏ చెట్టుదో కాగితం మీద రాసి పట్టుకోవడానికి ఎవరి పక్షమూ కాని మనిషి కావాలన్నారు. అందరూ నావైపు చూశారు. టీచరమ్మ అబద్ధం చెప్పదు గదా!

శివరాత్రి దాటిన ఆదివారం. ఊరు ఊరంతా తాళ్ల కిందికి వచ్చింది. గోపాల్ ఆటో కూడా వచ్చి ఎండలో నిలబడింది. గీసేవాళ్లు ఏడు లొట్లు తెచ్చి వరసగా పెట్టారు. నాకు ఒక్కొక్కరు చెవిలో చెట్టు పేరు చెప్పారు, నేను రూళ్ల కాగితం మీద ఒకటి నుంచి ఏడు వేసి రాసుకున్నాను. నర్సవ్వ కళ్లకు నా చున్నీయే కట్టారు. బాలయ్యను దూరంగా కూర్చోబెట్టారు. ఆమె ముందున్న నేల మీద సాక పోసింది. రేకలో నుంచి నోట్లోకి వంపుకుంది. గుట్టది, అంది. కాగితం చూసి కరెక్టే అన్నాను. రెండోది బాయిది. కరెక్టే! మూడోది చౌడు చెలకది, ఉప్పు కొడుతుంది అంది. కరెక్టే! నాలుగోదాన్ని నోట్లో పెట్టుకోగానే నవ్వింది, ఇంత పిసరే పోశారంటే పిసినారిదే అయ్యుండాలె గని, నేను నోటితోనే చెప్త అని మింగి, పిసినారిదే అంది. జనం విరగబడి నవ్వారు. అయిదోది కూడా చెప్పేసరికి చప్పట్లు, ఈలలు. గోపాల్ ముఖం మాడిపోయింది. ఆడవాళ్లు కొంగులు ఊపుతున్నారు. నేనైతే కాగితం పట్టుకుని ఎగిరి గంతేశాను.

ఆరో లొట్టి. చప్పట్లు ఇంకా ఆగలేదు. ఆమె రేక అందుకుని ఒక్కసారిగా నోట్లో పోసుకుని, వెంటనే చెప్పింది. వాగుది.

కాగితం మీద వంకరది అని ఉంది.

ఆ క్షణం ఎంతసేపుందో నాకు తెలియదు. చూపు ఒకసారి కాగితం మీదికి, ఒకసారి చున్నీ కట్టిన ఆ ముఖం మీదికి పోయింది. వాగుదీ వంకరదీ పక్కపక్కనే నిలబడ్డ చెట్లు, ఒకటే నీళ్లు. ఇది తప్పా! ఇంకొక్కటి చెబితే చాలు, దుకాణం ఆమెదే. నాకు అన్నం పెట్టిన చెయ్యి, నాకు నోరిచ్చిన మనిషి. నా గొంతు కరెక్టే అంది.

మళ్లీ చప్పట్లు. ఏడో లొట్టికి రేక మడుస్తున్నారు. ఆమె చెయ్యి చాపలేదు. నాలుక ఒకసారి అంగిలికి తాకించింది. నీళ్లడిగి పుక్కిలించింది. ఆరో లొట్టిదే మళ్లీ పోయమంది. ఈసారి ముందు నేల మీద సాక పోసింది, తర్వాత నోట్లో పెట్టుకుని చాలాసేపు ఊరుకుంది.

"టీచరమ్మా, కాయితం మళ్ల సూడు."

చూశాను, కరెక్టే అన్నాను. నా గొంతు నాకే వేరే ఎవరిదో అనిపించింది.

"నేను తప్పు చెప్పిన. ఇది వంకరది. కాయితంల ఏమున్నదో గట్టిగ సదువు."

చదివాను. ఏడ్చుకుంటూ చదివాను. వంకరది.

ఆమె చున్నీ తానే విప్పుకుంది. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి, లక్ష్మయ్య చేతికి కూడా ఇవ్వకుండా, నేరుగా పోయి గోపాల్ చేతిలో పెట్టింది. లక్ష్మయ్య అడ్డం వచ్చాడు. ఇంత నిజం చెప్పిన మనిషి నీళ్లెట్లా కలుపుతుంది, పందెం సంగతి పక్కన పెట్టి దుకాణం నువ్వే నడుపు అన్నాడు. ఊరు కూడా అదే అంది. ఆమె ఒప్పుకోలేదు. మాటంటే మాటే అంది. నీళ్ల నింద పోయింది, దుకాణమూ పోయింది. నేను ఎటూ చూడలేక నా గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. బాలయ్యకు పెట్టినట్టే నాకూ అన్నం పెట్టింది, మాట పెట్టలేదు. నాలుగో రోజు పొద్దున నేనే పోయి ఆమె ముందు కూర్చుని, నీ కోసమే చేశాను అన్నాను.

"నువ్వు నా నోరు నిలబెట్టిననుకున్నవు బిడ్డా. ఆరోదానికి నువ్వు అబద్ధం చెప్తే, ముందుగాల చెప్పిన ఐదు నిజమని ఎవరు నమ్మాలె? నాకే నమ్మకం లేకపాయె."

చున్నీ లోపల ఉన్నా ఆమెకు ఎట్లా తెలిసిందని మాత్రం అడిగాను. రెండు సంగతులు చెప్పింది. వాగుది నోట్లో తీపి పెట్టి వెళ్లిపోతుందట, వంకరది వెళ్లాక వెనక నుంచి వగరు వస్తుందట. ఆ వగరు వచ్చేదాకా తాను ఆగలేదు. రెండోది, నా గొంతు. అయిదుసార్లు నేను కరెక్టే అన్నది ఆమె మాట ముగియగానే వచ్చింది, ఆరోసారి మాత్రం ఒక్క రవ్వ ఆలస్యంగా వచ్చింది. అంతే. అంత చిన్న ఆలస్యం చాలు ఆమెకు. తప్పు తనది కూడా అని ఆమే అంది. చప్పట్లు కొట్టేసరికి నాలుక మీద చప్పట్ల రుచే మిగిలిందట, ఆ సంబరంలో ఆరోదానికి సాక పోయడం మరిచిందట.

"సాక ఎల్లమ్మకే అనుకుంటరు. తల్లికి రెండు సుక్కలు తక్కువైతయా? చెయ్యి ఆగాలె, నోరు ఆగాలె, అందుకు."

తర్వాత ఏమైందంటారా? దుకాణం గోపాల్ నడిపాడు. నర్సవ్వ తాళ్ల కిందనే ఒక తాటాకు పందిరి వేసుకుని కూర్చుంది. మొదట ముసలివాళ్లు వచ్చారు. తర్వాత ఆడవాళ్లు చెంబులు పట్టుకుని వచ్చారు. ఆరోదానికి తప్పు ఒప్పుకున్నామె ఈమేనట అని పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చి, రేక పట్టి, ఇది ఏ చెట్టుదో మేం చెబుతాం అని పందేలు కాసేవాళ్లు. పొద్దున్నే అక్కడ తాళ్ల కింద నవ్వులే నవ్వులు. బాగుంది అన్నవాళ్లందరినీ ఆమె ఒకటే తిట్టు తిట్టేది. ఏడాది తిరిగాక సంఘం మళ్లీ తాళంచెవి పట్టుకుని వస్తే, ఈడ గాలి మంచిగున్నది, ఆ రేకుల డబ్బాల నేను కూసోను అంది. మా నాన్న ఒకసారి నన్ను చూడటానికి వచ్చి, రేక పట్టలేదు గానీ, ముక్కు మూసుకోకుండా పందిరి కింద గంటసేపు కూర్చుని వెళ్లాడు. అది చిన్న విషయం కాదు.

నాకు బదిలీ అయి వనపర్తి వచ్చేశాను. మేరీ నాకు స్నేహితురాలైంది కూడా నర్సవ్వ వల్లనే. మూడేళ్ల కింద జబ్బుపడ్డ నర్సవ్వను ఇక్కడి దవాఖానకు తెచ్చినప్పుడు మేరీయే చూసుకుంది. మనిషి పిట్టంతయింది. మేరీ గ్లాసులో ఓఆరెస్ కలిపి ఇస్తే, రెండు చుక్కలు నేల మీద పోసి, నోట్లో పెట్టుకుని, కాసేపాగి, ఉప్పు ఎక్కువేసినవ్, నీళ్లు బోరుయి, నిన్నటియి అంది. మేరీ పోయి చూసి, బిందె నిజంగానే నిన్నటిదని వచ్చి చెప్పి నవ్వింది. మేం ముగ్గురం ఆ వార్డులో పక్క మంచాలవాళ్లు తిరిగి చూసేంత నవ్వాం. ఆ వారమే ఆమె కన్నుమూసింది. ఏడ్చాను. ఏడుస్తూ, కన్నీళ్లు ఉప్పగా ఉన్నాయని కూడా గమనించాను. ఆమె చేసి పెట్టిన పని అది.

మేడ మీద మూడో గ్లాసు పట్టుకుని నేను వాళ్లకు చెప్పింది ఇందులో సగమే. చెట్లకు పేర్లుండేవని, నోటితో గుర్తుపట్టేదని, నాకు నేర్పిందని. కాగితం సంగతి చెప్పలేదు. అది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మూడో గ్లాసులోది మేరీ జాడీ వైన్. కల్లులో లాగే, పళ్ల తొక్క మీది ఈస్టే దాన్ని పులియబెట్టింది, అందుకే కల్లు వాసన. మిగిలిన రెండు సీసాలూ రుచి చూడటం అయ్యాక సుధాకర్ కుర్చీలో నుంచి లేచాడు. అయితే నువ్వూ కళ్లు మూసుకుని చెప్పాల్సిందే అని పట్టుబట్టాడు. అయిదు సీసాలకూ పేపర్లు చుట్టి, కలిపేసి, అంకెలు వేశాడు. ఏ అంకెకు ఏ సీసానో రాజేశ్వరి ఒక్కతే పేపర్ల లోపలికి చూసి కాగితం మీద రాసుకుంది. రాజేశ్వరి తన చున్నీ నా కళ్లకు కట్టింది. నాకు నవ్వాగలేదు.

మొదటి గ్లాసు. రెండు చుక్కలు పళ్లెంలో. కొత్తింటి చెక్క తలుపు తీసినట్టు వాసన, నడుమ పండిన రేగుపండు, ఆఖర్న పొగ. పరదేశపుది అన్నాను. రాజేశ్వరి కరెక్టే అంది. రెండోది నాలుక మీద పడగానే జామకాయ కొరికినట్టు పుల్లగా, చల్లగా గలగలలాడింది, నాసిక్ తెల్లది. కరెక్టే! మూడోది మేరీది, దాన్ని తప్పితే నర్సవ్వ సమాధిలో నుంచి లేచి వచ్చి కొడుతుంది. కరెక్టే! సుధాకర్ బల్ల మీద దరువు వేస్తున్నాడు, మేరీ ఈల వేసింది, పక్క మేడ వాళ్లు తొంగిచూశారట. నాలుగో గ్లాసు నా చేతికొచ్చింది. నలభై ఏళ్లు దాటిన మనిషిని, చిన్నపిల్లలా ఊగిపోతూ నోట్లో పోసుకుని, నోరు ఖాళీ కాకముందే చెప్పేశాను. బెంగళూరుది.

రాజేశ్వరి కరెక్టే అంది. ఒక్క రవ్వ ఆలస్యంగా.

ఆ ఆలస్యం నాకు తెలుసు. అది నాదే. చప్పట్లు నా చెవుల దాకా వచ్చాయి గానీ లోపలికి రాలేదు. గొంతులో వెనక నుంచి మెల్లగా వగరు ఎక్కుతోంది. బెంగళూరుది తీపి పెట్టి వెళ్లిపోతుందని, నాసిక్ ఎర్రదానికే చివర వగరుందని అరగంట కింద నేనే వాళ్లకు చెప్పాను. నాలుగో గ్లాసుకు పళ్లెంలో చుక్కలు పోయలేదని అప్పుడు గుర్తొచ్చింది. నన్ను గెలిపించడానికి నా స్నేహితురాలు అబద్ధమాడింది, అంత ప్రేమగా, నేను ఆడినట్టే. పదిహేడేళ్ల తర్వాత మొదటిసారి, చున్నీ లోపల కూర్చుంటే అది ఎట్లా వినిపిస్తుందో నాకు తెలిసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ముందు ఒంటరిగా అనిపించింది, అంతమంది నడుమ.

"రాజీ, కాగితం మళ్లీ చూడు. నేను తప్పు చెప్పిన. అది నాసిక్‌ది."

నోట్లో నుంచి పాలమూరు మాటే వచ్చింది, బడి మాట కాదు. రాజేశ్వరి చేతిలో కాగితం గరగరలాడింది. తర్వాత నాసిక్ ఎర్రది అని చదివింది. చున్నీ విప్పుకుని చూస్తే ఆమె కళ్లలో నీళ్లు. నువ్వు అంత సంబరంగా ఉంటే కాదనడానికి నోరు రాలేదు అంది. నాకు తెలుసని, ఆమె చెయ్యి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. అప్పుడు ఆ ముగ్గురికీ ఆరో లొట్టి సంగతి చెప్పాను, నా కాగితంతో సహా. మేరీ ముక్కు చీదింది. సుధాకర్ దరువు ఆపేశాడు.

ఇంకో గ్లాసు మిగిలింది. నాలుగు పోతే మిగిలేది ఏదో అందరికీ తెలుసు. అయినా సుధాకర్ అయిదోది నింపి నా ముందు పెట్టాడు. పళ్లెంలో రొట్టె ముక్క పక్కకు జరిపి రెండు చుక్కలు పోశాను. నోట్లో పెట్టుకున్నాను. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. మింగినాక మిగిలేది వచ్చేదాకా నేను ఆగాను.